తూర్పు కొండల కథ – 9: దొర పౌరుడైన ఏడాది

కిందటి భాగంలో హైమెండార్ఫ్‌ను పాపికొండల నీడలో, కొండరెడ్ల గుడిసెల మధ్య వదిలిపెట్టి వచ్చాం. వియన్నాలో పుట్టిన ఆ యువ పరిశోధకుడు 1939లో ఇండియాకు వచ్చేసరికి అతని చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంతకు ఏడాది ముందే ఆస్ట్రియాను హిట్లర్ తన రాజ్యంలో కలిపేసుకున్నాడు. సెప్టెంబరు 3న యుద్ధం ప్రకటించగానే అతను బ్రిటిష్ వారి లెక్కలో శత్రుదేశీయుడైపోయాడు. చెరసాలకు బదులు నిజాం రాజ్యం ఎల్లల్లో ఉండమన్నారు. ఆ మర్యాద ఖైదు పుణ్యమా అని చెంచుల మీద, కొండరెడ్ల మీద, ఆదిలాబాద్ రాజగోండుల మీద మూడు పెద్ద పుస్తకాలు పుట్టాయి. మధ్యలో తూర్పుకు మళ్లి గదబలనూ బోండాలనూ కూడా చూసి, వాళ్లు చచ్చిపోయినవారి పేరిట నిలిపే రాళ్ల గురించి 1943లో రాశాడు. ఆ తరవాత లండన్‌లో ఆచార్యుడై అక్కడే స్థిరపడ్డాడు. అదే బోండా కొండకు అదే దశకంలో ఇంకొక దొర వచ్చాడు. ఇతను పుట్టుకతోనే ఇంగ్లీషువాడు, పాలించే జాతివాడు, ఇతన్ని శత్రువన్నవాడు లేడు. కానీ బ్రిటిష్ వారు వెళ్లిపోయాక వాళ్లతో వెళ్లకుండా 1954లో భారత పౌరుడయ్యాడు. పేరు వెరియర్ ఎల్విన్. తెల్లవాడు మన దేశాన్ని ప్రేమించి మనవాడయ్యాడని ఈ కథను చెప్పుకోవడం మనకు అలవాటు. ప్రేమ మాట అబద్ధం కాదు, అసలు విషయం మాత్రం అది కాదని ఈ భాగంలో నా వాదన. పౌరుడు కావడం వల్ల ఎల్విన్‌కు కొత్తగా దక్కింది ఒక్కటే. ఎవరూ తన్ని ఓడెక్కించి పంపలేరన్న ధీమాతో ప్రభుత్వం తప్పును ప్రభుత్వానికే చెప్పగలగడం. ఆ హక్కు ఈ కొండల్లో ఎవరికి, ఎప్పుడు, ఎంత దక్కిందన్నది చూస్తే గానీ పౌరసత్వం అనే కాగితం బరువెంతో తేలదు.

ముందు చోటు సంగతి. 1936 ఏప్రిల్ 1 దాకా అరకు లోయా, బోండా కొండా ఒకే విశాఖపట్నం జిల్లాలోవి. ఆ రోజున ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, జయపురం సంస్థానం కోరాపుట్ జిల్లాగా అటు వెళ్లింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉదారంగా విరాళాలిచ్చిన విక్రమదేవ వర్మ గారి జయపురమే అది. సవరభాష కోసం బతుకంతా ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిందని ఆ రోజే ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. చదువుకున్నవారికి సరిహద్దు అంత పెద్ద విషయం. కొండమీది వాడికి మాత్రం ఏటికి అటూ ఇటూ అవే చుట్టరికాలు, అవే సంతలు. అతనికి అసలు గీత ఘాట్‌రోడ్డు దగ్గర ఉండేది. 1832 నుంచి 1836 దాకా గంజాం, విశాఖ మన్యాల్లో రేగిన తిరుగుబాట్లను అణచిన రస్సెల్ దొర, మైదానపు చట్టాలు ఇక్కడ పనికిరావని ప్రభుత్వానికి రాసిన దరిమిలా 1839లో ఒక చట్టం వచ్చింది. మామూలు కోర్టుల పరిధి నుంచి కొండల్ని తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించింది. మనం ఇప్పటికీ ఏజెన్సీ అంటున్నది ఆ ఏర్పాటునే. ఘాటు కింద ఉన్నవాడికి అన్యాయం జరిగితే వకీలు, మునసబు, అప్పీలు ఉండేవి. ఘాటు పైన ఉన్నవాడికి ఏజెంటు దయ, కొన్ని ఊళ్ల మీద పెత్తనమున్న ముఠాదారు మాట.

ఆ ఏర్పాటు కింద దినదినం బతుకు ఎలా నడిచేదో సంతలో చూస్తే తెలుస్తుంది. కొండ మీంచి చింతపండు, పసుపు, వలిసెలు, అడ్డాకులు, కొండచీపుర్లు దిగేవి. కింది నుంచి ఉప్పు, ఎండుచేప, బట్ట, పొగాకు ఎక్కేవి. తూకం సావుకారుది, లెక్క రాసే పుస్తకమూ సావుకారుదే. పోడులో చోళ్లూ సామలూ అయిపోయే ఆకలి నెలల్లో తెచ్చిన అప్పు పంటతో తీరేది కాదు. తీరకపోతే అప్పు పడ్డవాడు గోతి పద్ధతిలో ఏళ్ల తరబడి సావుకారు ఇంట ఊడిగం చేయాలి. మద్రాసు ప్రభుత్వం 1940లో దాన్ని రద్దుచేస్తూ ప్రత్యేకంగా నిబంధన తేవలసి వచ్చిందంటే ఎంతగా పాతుకుపోయిందో ఊహించవచ్చు. కొండవాడి దృష్టిలో పరాయివాడంటే సముద్రం దాటి వచ్చినవాడు కాదన్నది ఇక్కడ పట్టుకోవలసిన సంగతి. ఘాటెక్కి వచ్చిన ప్రతివాడూ పరాయివాడే. తెల్లదొర, ఉప్పు అమ్మే సావుకారు, చెట్టు నరికితే కేసు రాసే ఫారెస్టు గార్డు, అందరూ ఒక్క వరుసలోని వాళ్లే. ఆ వరుసలో ఎవరు మంచివాడో, ఎవరు కాదో కొండవాడు నడవడిని బట్టి తేల్చుకునేవాడు. సర్కారు కాగితాన్ని బట్టి తేల్చేది.

కాగితం ఎలా తేలుస్తుందో చూపడానికి ఎల్విన్ కంటే ముందటి ఉదాహరణ ఒకటి ఈ కొండల్లోనే ఉంది. 1882లో ఉత్తర జర్మనీలోని బ్రెక్లుం అనే ఊరి నుంచి లూథరన్ మిషనరీలు జయపురం ప్రాంతానికి వచ్చారు. కోరాపుట్, సాలూరు, పార్వతీపురం మీదుగా బడులు, ఆస్పత్రులు, చర్చీలు కట్టుకుంటూ పోయారు. మలేరియాతో వాళ్లలో చాలామంది ఇక్కడే మట్టిలో కలిశారు. ఒడియా, తెలుగు మాట్లాడుతూ పెరిగిన పిల్లలు వాళ్ల ఇళ్లలో ఉండేవారు. 1914లో యూరపులో యుద్ధం రాగానే ఆ ఏళ్లన్నీ చెల్లకుండా పోయాయి. దశాబ్దాలుగా జ్వరాలకు మందిచ్చిన మనుషులు శత్రుదేశీయులై నిర్బంధ శిబిరాలకు, అక్కణ్ణుంచి స్వదేశానికి వెళ్లారు. రెండు యుద్ధాల మధ్య తిరిగి వచ్చినవాళ్లకు 1939లో మళ్లీ అదే అనుభవం. వాళ్లు మతం మార్చడానికే వచ్చారు కదా, వాళ్ల మీద జాలెందుకు అనేవారుంటారు. జాలి మాట పక్కన పెడదాం. వాళ్లను పంపేసింది మతం మార్చినందుకు కాదు. ఇంగ్లీషు, కెనడా మిషనరీలు అదే పని చేస్తూ హాయిగా ఉన్నారు. పాస్‌పోర్టు రంగు ఒక్కటే తేడా. ఎన్నేళ్లు ఉన్నావు, ఏం చేశావు అన్న ప్రశ్నలు నువ్వెవరి మనిషివన్న ప్రశ్న ముందు నిలబడవని ఈ కొండలు అప్పుడే చూశాయి.

ఎల్విన్‌కు ఈ పాఠం వేరే దారిలో అందింది. 1902లో డోవర్‌లో పుట్టాడు. తండ్రి సియెరా లియోన్‌లో ఆంగ్లికన్ బిషప్, కొడుకు పసివాడుగా ఉండగానే పోయాడు. ఆక్స్‌ఫర్డ్ మెర్టన్ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యంలోనూ దైవశాస్త్రంలోనూ మొదటి తరగతి తెచ్చుకుని, 1927లో పుణేలోని క్రిస్త సేవా సంఘంలో చేరడానికి వచ్చాడు. మరుసటి ఏడాది సబర్మతిలో గాంధీగారిని చూశాడు. అంతే, తెల్లజాతివాడు ఖద్దరు కట్టి కాంగ్రెస్ పక్షాన నిలిచాడు. 1932లో మిత్రుడు శామ్‌రావ్ హివాళేతో కలిసి మధ్యపరగణాల మండ్లా జిల్లాలోని కరంజియా అనే గోండు పల్లెకు మకాం మార్చాడు. ఆ ఏడే ఇంగ్లండు వెళ్లినప్పుడు అసలు చిక్కు వచ్చింది. తిరిగి ఇండియా రావడానికి పాస్‌పోర్టు మీద అనుమతి ఇవ్వబోమన్నారు. రాజకీయాల్లో తలదూర్చననీ, ఉద్యమకారులతో కలిసి తిరగననీ, గోండుల మధ్య సేవకే పరిమితమవుతాననీ రాసిచ్చాకే ఓడెక్కనిచ్చారు. ఎల్విన్ జీవితంలో 1954 కంటే ఈ 1932 సంతకమే ముందు చదవాలని నా ఉద్దేశం. అతను అప్పటికి బ్రిటిష్ ప్రజ, బ్రిటిష్ రాజు ఏలే దేశానికి వస్తున్నాడు. అయినా ఇక్కడ ఉండనివ్వడమన్నది ఒకరు దయతలచి ఇచ్చేదని, దానికి ఖరీదు నోరుమూసుకోవడమని ఆ కాగితం చెప్పింది. గాంధీ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఏళ్లలో అతను అడవిలో గడపడానికి గిరిజనుల మీద మక్కువ ఎంత కారణమో ఆ సంతకమూ అంతే కారణం.

1935లో చర్చితో తెగతెంపులు చేసుకున్నాడు. 1940లో కోసీ అనే రాజగోండు యువతిని పెళ్లాడాడు. ఆ కాపురం 1949లో విడాకులతో ముగిసింది. ఆమెకు అతను చేసిన న్యాయం ఏపాటిదన్న ప్రశ్న అతని అభిమానులను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది, పెట్టాలి కూడా. బైగాల మీద, అగరియాల మీద, బస్తర్ మురియాల మీద పుస్తకాలు వరసగా వచ్చాయి. 1940లలో తూర్పు కొండలకు వచ్చి గంజాం, కోరాపుట్ జిల్లాల్లో సవరల మధ్య, బోండాల మధ్య తిరిగాడు. మచ్‌ఖండ్ నదికి ఆవల ఎత్తైన కొండమీద ముదులిపడ చుట్టూ ఉన్న కొద్దిపాటి పల్లెలే బోండాల లోకం. మెడనిండా లోహపు కడియాలు, ఒళ్లంతా పూసలు వేసుకుని తల నున్నగా గొరిగించుకునే ఆడవాళ్లు, విల్లంబులు వదలని మగవాళ్లు, జీలుగు కల్లు మత్తులో మాట పెరిగితే క్షణంలో హత్య దాకా వెళ్లే కోపం. ఎవరికీ తల వంచని ఆ తత్వం ఎల్విన్‌కు నచ్చింది. కానీ 1950లో అచ్చయిన బోండా పుస్తకంలో వాళ్లను దేవతల్ని చేయలేదు. చిరాకునూ దయలేనితనాన్నీ కూడా రాశాడు. సవరల మతం మీద పెద్ద గ్రంథం 1955లో వచ్చింది.

పుస్తకాలతో పాటు పోట్లాటలూ పెరిగాయి. గిరిజనుల నేల, అడవి, పోడు, కల్లు వాళ్లకు దక్కేలా కాపాడాలని, సావుకార్లనూ సంస్కర్తలనూ కొంతకాలం దూరంగా ఉంచాలని ఎల్విన్ అన్నాడు. దేశంలో గిరిజన సేవకు పెద్దదిక్కయిన ఠక్కర్ బాపా ఇది దేశాన్ని ముక్కలు చేసే మాట అన్నారు. సామాజిక శాస్త్రవేత్త ఘుర్యే 1943లో పుస్తకమే రాసి, గిరిజనులు వేరే జాతి కాదు, వెనకబడిన హిందువులే అని వాదించాడు. మనుషుల్ని జంతుప్రదర్శనశాలలో పెట్టమంటున్నాడన్న ఎద్దేవా ఎల్విన్‌ను జీవితాంతం వెంటాడింది. ఈ తగాదాలో ఎవరిది న్యాయమో తేల్చడానికి వేరే భాగం కావాలి. ఇక్కడికి కావలసింది ఒకటే. ఎల్విన్ చెప్పిన మాట తప్పని నిరూపించడం కష్టమైనప్పుడల్లా అవతలివారి చేతిలో ఒక సులువైన ఆయుధం ఉండేది, అతను ఇంగ్లీషువాడనడం. విభజించి పాలించే జాతివాడి నోట గిరిజనులు వేరు అన్న మాట వస్తే 1940లలో అనుమానించడం అన్యాయమేమీ కాదు. కానీ ఆ అనుమానం వల్ల అప్పు సంగతి, అడవి సంగతి చర్చకు రాకుండా పోయాయి.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ ఆయుధం ఇంకా పదునెక్కింది. అంతకుముందు తెల్లచర్మం ఒక రక్షణ. జిల్లా అధికారిని విమర్శించినా ఆక్స్‌ఫర్డ్ దొర కాబట్టి చెల్లేది. 1947 తరవాత ఆ చర్మమే భారమైంది. మానవశాస్త్ర సర్వేలో ఉపసంచాలకుడి ఉద్యోగం 1949తో ముగిసింది. 1954 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం విదేశీ మిషనరీల కార్యకలాపాలను విచారించడానికి నియోగీ సంఘాన్ని వేసింది. మతమార్పిడే ముఖ్యమైన పనిగా ఉన్న విదేశీయులను వెనక్కి పంపాలని 1956లో ఆ సంఘం చెప్పింది. ఎల్విన్ తానే మిషనరీలతో పోట్లాడినవాడు, ఆ సిఫారసు అతని మీదికి వచ్చేది కాదు. అయినా గిరిజన ప్రాంతంలో తెల్లమనిషి అంటే ఎందుకున్నాడని అడిగే కాలం అది. 

మరి పౌరుడు కావడానికి దారేది? చాలామంది అనుకున్నట్టు 1954లో ఎల్విన్ నింపడానికి తయారుగా ఉన్న ఫారం ఏమీ లేదు. పౌరసత్వ చట్టం 1955 డిసెంబరు 30న గానీ రాలేదు. అప్పటిదాకా ఉన్నది రాజ్యాంగమే. దేశంలో స్థిరనివాసం ఉండి, ఇక్కడ పుట్టినవారు, తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టినవారు, లేదా 1950 జనవరి 26కు ముందు కనీసం అయిదేళ్లు ఇక్కడే నివసించినవారు పౌరులని అయిదో అధికరణం చెప్పింది. ఆ మాటల్ని అక్షరాలా పట్టుకుంటే ఇరవై రెండేళ్లు ఇక్కడ గడిపిన ఎల్విన్ 1950లోనే పౌరుడని వాదించవచ్చు. వాదించగలగడం వేరు, కాగితం చేతిలో ఉండడం వేరు. నెహ్రూ ప్రభుత్వం ఈశాన్య సరిహద్దు ప్రాంతానికి, అంటే నేటి అరుణాచల్‌కు, గిరిజన వ్యవహారాల సలహాదారుగా అతన్ని షిల్లాంగ్‌కు పిలిచిన 1954లోనే ఆ కాగితమూ వచ్చింది. ఆ తరవాతి చట్టం సహజీకృత పౌరసత్వానికి షరతులు వివరంగా రాసింది. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఎడతెగకుండా ఇక్కడ ఉండాలి, దానికి ముందటి ఏడేళ్లలో నాలుగేళ్లు ఉండాలి. ఈ లెక్క తరవాత పెరిగి, ఇప్పుడు పద్నాలుగేళ్లలో పదకొండేళ్లయింది. పాత పౌరసత్వం వదులుకోవాలి. సత్ప్రవర్తన ఉండాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాష ఒకటి తగినంత తెలిసి ఉండాలి. ఇక్కడే ఉండే ఉద్దేశం ఉండాలి. చివరికి రాజ్యాంగానికి విధేయుడిగా ఉంటానని, పౌరుడిగా తన విధులు నెరవేరుస్తానని ప్రమాణం చేయాలి. శాస్త్రం, తత్వం, కళ, సాహిత్యం, ప్రపంచశాంతి, మానవ ప్రగతి రంగాల్లో విశిష్ట సేవ చేసినవారికి ఈ షరతులు సడలించవచ్చునన్న వీలు కూడా పెట్టారు. కొన్నేళ్లకు బ్రిటన్ వదిలి భారత పౌరుడైన జీవశాస్త్రవేత్త హాల్డేన్ భువనేశ్వర్‌లో 1964లో చనిపోయాక, అతను రాసిచ్చిన మేరకు దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. ఇక్కడే ఉండే ఉద్దేశం అన్న షరతును ఇంతకన్నా నెరవేర్చినవాడు లేడు.

ఇక్కడ రెండు ఆక్షేపణలున్నాయి, రెండూ బలమైనవే. ఒకటి, ఎల్విన్ ఉద్యోగం కోసమే పౌరుడయ్యాడన్నది. చైనాతో సరిహద్దు, లోపలికి పోవడానికి మన మైదానంవాడికే అనుమతి పత్రం కావలసిన చోటు. అలాంటిచోట సర్కారు పదవిలో పరదేశిని కూర్చోబెట్టడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే. కాబట్టి ఉద్యోగానికీ కాగితానికీ సంబంధం లేదనడం అమాయకత్వం. అయితే కారణం ఉద్యోగమైనంత మాత్రాన కాగితం విలువ తగ్గదు. వలస వచ్చిన ఏ మనిషైనా పౌరసత్వం అడిగేది పని కోసం, ఇల్లు కోసం, పిల్లల చదువు కోసం. భక్తితో మాత్రమే అడిగినవాణ్ణే నిజమైన పౌరుడంటే పుట్టుకతో వచ్చిన మనలో ఎందరు మిగులుతారు? రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది. ఇంత సాఫీగా దారి దొరికింది అతను నెహ్రూకు తెలిసిన ఆక్స్‌ఫర్డ్ దొర కాబట్టే అన్నది. ఇది ఒప్పుకోక తప్పదు. ఒప్పించే ఉదాహరణ మన తీరంలోనే ఉంది. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల నుంచి తరతరాలుగా రంగూన్‌కు ఓడలెక్కిన తెలుగు కూలీలు అక్కడి మిల్లుల్లో, రేవుల్లో పనిచేశారు. 1948లో బర్మా స్వతంత్రమై పౌరసత్వ చట్టం చేసింది. అయిదేళ్ల నివాసం, సత్ప్రవర్తన, దేశభాష వంటి షరతులు మన చట్టంలాంటివే. చదువురాని కూలీకి ఆ దరఖాస్తు ఎవరు రాసిపెట్టాలి? కొందరు అడగలేదు, అడిగినవారిలో చాలామందికి రాలేదు. 1964లో నే విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక వాళ్లు మూటాముల్లె కూడా మిగలకుండా తిరుగు ఓడలెక్కారు. విశాఖ కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు అలా వెలసిందే. ఒక దొర ఉండిపోగలిగిన పదేళ్లకే అంతకన్నా ఎక్కువ చెమట ధారపోసిన మన కూలీలు పరాయి నేల మీద ఉండలేకపోయారు. నా వాదనకు ఇది దెబ్బ కాదు, ఊతం. పొమ్మనగల అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే మొత్తం కథ అని బర్మా తెలుగువాళ్లు తమ బతుకుతో చూపించారు.

ఇక ఎల్విన్ ఆ పౌరసత్వంతో ఏం చేశాడన్నది చూద్దాం, మళ్లీ అరకులోనే. రెండో పంచవర్ష ప్రణాళికలో కేంద్రం దేశమంతటా 43 ప్రత్యేక బహుళార్థసాధక గిరిజన బ్లాకులు పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన నాలుగింటిలో రెండు మన మన్యంవే, అరకు, పాడేరు. మిగతా రెండు ఉట్నూరు, నర్సంపేట. ఒక్కో బ్లాకుకు 27 లక్షల రూపాయలు, ఆ రోజుల్లో అది చాలా పెద్ద సొమ్ము. గిరిజన కార్పొరేషన్ విశాఖలో పుట్టింది కూడా ఆ కాలంలోనే, 1956లో. ఈ బ్లాకులు ఎలా పనిచేస్తున్నాయో చూడమని 1959లో వేసిన సంఘానికి ఎల్విన్‌ను అధ్యక్షుణ్ణి చేశారు. 1960లో వచ్చిన నివేదిక సర్కారు కమిటీల నివేదికల్లో అరుదైన రకం. గిరిజనుడి కోసం వచ్చిన డబ్బు భవనాలకూ క్వార్టర్లకూ ఎక్కువగా పోతోందని, పథకాల సంఖ్య పెరిగి మనిషి మరుగున పడుతున్నాడని, భూమి, అడవి, అప్పు అనే మూడు అసలు బాధలు పక్కకు పోతున్నాయని, ఉద్యోగులకు అక్కడి భాష రాదని మొహమాటం లేకుండా చెప్పింది. పరదేశి ఇదే మాట చెప్పి ఉంటే జవాబు ఒక్క వాక్యంలో అయిపోయేది. 1943లో అతను దాదాపు ఇవే మాటలు రాస్తే వచ్చిన జవాబు అదే కదా. 1960లో మాట పాతదే, చెప్పినవాడి హోదా కొత్తది. ఆ మరుసటి ఏడాది ప్రభుత్వం అతనికి పద్మభూషణ్ ఇచ్చింది, ఢేబర్ అధ్యక్షతన వేసిన గిరిజన ప్రాంతాల కమిషన్‌లోనూ అతను సభ్యుడు. నోరుమూసుకుంటానని 1932లో సంతకం పెట్టించుకున్న రాజ్యానికీ, తప్పు చూపితే కుర్చీ వేసిన రాజ్యానికీ ఉన్న తేడాను తక్కువ చేయకూడదు. సిఫారసులు ఎంతవరకు అమలయ్యాయన్నది వేరే సంగతి, అరకు సంతలో తూకాలు మాత్రం ఆ నివేదికతో మారలేదు.

ఎల్విన్ పౌరుడైన ఏళ్లలోనే ఈ కొండల్లో లక్షల మంది కూడా పౌరులయ్యారు. కాకపోతే వాళ్లు దరఖాస్తు పెట్టలేదు. 1839 నుంచి వేరే చట్టం కింద, 1935 చట్టం నాటికి పాక్షిక వర్జిత ప్రాంతమన్న ముద్ర కింద ఉన్న విశాఖ మన్యం 1950లో రాజ్యాంగపు అయిదో షెడ్యూలు కిందికి వచ్చింది. ఓటు ఆస్తిని బట్టి ఉన్న రోజులు పోయి, 1951–52 ఎన్నికలతో 21 ఏళ్లు నిండిన ప్రతివారికీ వచ్చింది. ఘాటు కింద ఉన్నవాడికి అది మార్పు, ఘాటు పైన ఉన్నవాడికి వేరే జన్మ. అయితే ఆ జన్మ ప్రకటనగా వచ్చింది గాని ఒప్పందంగా రాలేదు. భాష షరతునే తీసుకోండి. కువి, గదబ, కొండదొరల భాష, సవర, బోండాల రెమో, ఇవేవీ ఎనిమిదో షెడ్యూలులో లేవు. గిరిజన భాషల్లో బోడో, సంతాలీ ఆ పట్టికలోకి రావడానికే 2003 నాటి రాజ్యాంగ సవరణ కావలసి వచ్చింది. ఊహకు మాత్రమే అనుకుందాం, ముదులిపడ బోండా పుట్టుకతో కాక దరఖాస్తుతో పౌరుడు కావలసి వస్తే తన తల్లిభాష ఒక్కటే తెలిసినందుకు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. అప్పట్లో షిల్లాంగ్‌లో హిందీ నేర్చిన ఏ దొరైనా లోపలికి నడుస్తాడు.

పుట్టుకతో పౌరుడైనవాడికి పరీక్షే లేనప్పుడు ఈ పోలిక అక్రమం కాదా అని అడగవచ్చు. చట్టం మాట వరకు అక్రమమే. కానీ పరీక్ష లేదన్నది కాగితం మీది సంగతి. పోడు పట్టాకు, రేషన్ కార్డుకు, కులధ్రువీకరణ పత్రానికి తన భాష కాని భాషలో తన ఉనికిని నిరూపించుకోవలసిన మనిషి రోజూ పరీక్ష రాస్తూనే ఉన్నాడు. సాలూరు దగ్గరి కోఠియా గ్రామాలవాళ్లయితే రెండు రాష్ట్రాల కార్డులూ దగ్గర పెట్టుకున్నారు. ఆ 21 ఊళ్లు ఆంధ్రావా ఒడిశావా అన్న దావా 1968 నుంచి సుప్రీంకోర్టు గడప తొక్కుతూనే ఉంది. ఇద్దరు యజమానుల్లో ఎవరు ఎప్పుడు మొహం తిప్పుకుంటారో తెలియనివాడి జాగ్రత్త అది.

దీనికి ఎదురుగా ఒక గట్టి వాదన ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో నిబంధన తెచ్చారు, 1970లో దాన్ని బిగించారు. దానివల్ల అరకులో ఒక్క సెంటు కొనే హక్కు గిరిజనుడికి తప్ప మరెవరికీ లేదు. ఎల్విన్ బతికి ఉన్నా, హైదరాబాదు కోటీశ్వరుడు వచ్చినా, అమెరికా పౌరసత్వం తీసుకుని తిరిగొచ్చిన తెలుగు డాక్టరయినా అంతే. ఒకే దేశపు పౌరుల్లో రెండు తరగతులా అని మైదానం అడుగుతుంది. అడగనివ్వండి. 1839 నుంచి నూరేళ్లకు పైగా ఇక్కడి మనిషిని వేరు తరగతిలో ఉంచినప్పుడు ఆ ప్రశ్న వేసినవారు లేరు. బోండా కొండ మీది మనిషిని దేశం నుంచి పంపేయలేరు, అది నిజం. ఎక్కడికి పంపుతారు? కానీ తన లోయ నుంచి, తన పొలం నుంచి పంపేయవచ్చు, పంపేశారు కూడా. పరదేశికి పౌరసత్వం ఇచ్చే భద్రత, ఎక్కడికీ వెళ్లమనరన్న ధీమా, ఈ కొండల్లో నేల దగ్గర తేలాలి. దేశం ఎల్ల దగ్గర తేలితే చాలదు. అందుకే భూబదలాయింపు నిబంధన ఇక్కడ పౌరసత్వ చట్టంలో భాగం లాంటిదని నేననుకుంటాను. 1964 ఫిబ్రవరిలో ఎల్విన్ ఢిల్లీలో చనిపోయేనాటికి ఆ నిబంధనకు అయిదేళ్లు నిండుతున్నాయి, దాన్ని దాటే దొడ్డిదార్లు అప్పటికే సావుకార్లకు తెలుసు.

ఎల్విన్ బోండాల మధ్య తిరిగిన రోజుల్లోనే ఆ కొండ పక్కన మచ్‌ఖండ్ నది మీద మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు కలిసి కొలతలు తీయిస్తున్నాయి. జలాపుట్ దగ్గర ఆనకట్ట లేచింది, 1955లో డుడుమ జలపాతం దిగువన కరెంటు పుట్టింది, విశాఖపట్నంలో దీపాలు వెలిగాయి. గదబ, పరజ పల్లెలు నీటి కింద పడ్డాయి. ఇంకా ఓటు సిరా ఆరని ఆ కొత్త పౌరులను ఎవరు, ఏమని అడిగి లేపారు, కరెంటులో ఏ రాష్ట్రం వాటా ఎంతని తగువులాడుకున్నవారు మునిగిన ఊళ్ల వాటా ఎలా పంచుకున్నారు, ఏటికి ఇటువైపుకు వచ్చినవారిని అరకు, ముంచంగిపుట్టు పల్లెలు ఎలా చేరదీశాయి అన్నది వచ్చే భాగంలో చూద్దాం.